మా మాస్టర్ మోచేయి

మా బ్యాండ్ మాస్టర్ పోయాడు. పొద్దున్నే చేవెళ్ల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "అన్నా, మామ లేస్తలేడు. పిలిస్తె పలుకుతలేడు. నువ్వు జర జల్ది రా." చనిపోయాడన్న మాట అతని నోటినుంచి రాలేదు గానీ నాకు అర్థమైంది. గ్లాసు పక్కన పెట్టి, నిలబడ్డచోటే నా కుడి చేతిని రుద్దుకున్నాను. ఎందుకు రుద్దుకున్నానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఈ నలభై ఏళ్లలో చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పెళ్లి చేసుకున్నవాళ్లలో సగం మంది మా ఎర్రకోట్ల వెనక నడిచినవాళ్లే. మాస్టర్‌ది క్లారినెట్. నాది రెండో క్లారినెట్, ఆయనకు ఎడమ పక్క నా చోటు. మిలిటరీ బ్యాండులో చేసి వచ్చిన ఒక పెద్దమనిషి దగ్గర మాస్టర్ కుర్రతనంలో ఇంగ్లీషు డాన్సు పాటలు నేర్చుకున్నాడు. ఆ ఊపు తెచ్చి మన బరాత్ ఊరేగింపు పాటల్లో కలిపేశాడు. "డ్రమ్ము దెబ్బ మీద ఊదకురా, జర ఎన్కకు ఊదు. గప్పుడే గుర్రం మీద పిల్లగాడు ఊగుతడు" అనేవాడు. పిల్లగాడి సంగతేమో, గుర్రం మాత్రం నిజంగానే ఊగేది. తప్పు ఊదితే పాట ఆపేవాడు కాదు, నడుస్తూనే బూటుతో మన కాలు తొక్కేవాడు. నా బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే.

అయితే జనం మా బ్యాండును పిలిచింది ఊపు కోసం కాదు, అప్పగింతల కోసం. పెళ్లికూతురు ఇల్లు దాటేటప్పుడు పాట చివర మాస్టర్ ఒకే స్వరాన్ని పట్టుకుని నిలిచేవాడు. పిల్ల కాలు బండిలో పడేదాకా వదిలేవాడు కాదు. ముడిమ్యాలలో ఒక తండ్రి కూతురి చెయ్యి ఎంతకీ విడవలేదు. మాస్టర్ మెడనరాలు తాళ్లలా తేలాయి, స్వరం మాత్రం వణకలేదు. "గది నడుమల తెగితె పిల్లకు మంచిది కాదురా" అనేవాడు. ఆ నమ్మకం మెల్లగా ఊళ్లన్నిటికీ పట్టుకుంది. ఆడవాళ్లు ఒక కన్ను పిల్ల మీద, ఒక చెవి క్లారినెట్ మీద పెట్టి ఏడ్చేవారు.

ఆరేళ్ల కింద మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు. పిల్ల కారుకింకా పది అడుగుల దూరంలో ఉంది. నా కుడి చేతికి ఆయన మోచేయి గట్టిగా తగిలింది. చూస్తే పెదాలు నల్లబడ్డాయి, కళ్లలో నీళ్లు. అదే స్వరం మీద నేను మెల్లగా చేరాను. ఆయన ఊదడం ఆపేశాడు. బుగ్గలు పొంగించి, వేళ్లు రంధ్రాల మీదే ఉంచి, ఊదుతున్నట్టే నిలబడ్డాడు. పిల్ల కారెక్కింది. ఒక్కరికీ తెలియలేదు.

వంటల షెడ్డు వెనక్కి తీసుకెళ్లి నా భుజం పట్టుకున్నాడు. "గీ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె. మీ అక్కకు తెలిస్తె క్లారినెట్ పొయ్యిల పెడ్తది."

అక్క అంటే ఆయన భార్య. నేను తల ఊపాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు లోపల సంబరంగానే ఉంది. మాస్టర్ ఊపిరికి నా ఊపిరి అతుకు పడింది కదా!

ఆ తర్వాత ప్రతి పెళ్లిళ్ల కాలంలోనూ మోచేయి కాస్త ముందే వచ్చేది. మొదట కారు దగ్గర, మరుసటి ఏడు గేటు దగ్గర. పోయిన వేసవిలో పిల్ల మండపం మెట్లు దిగకముందే తగిలింది. మా చేవెళ్ల పక్కనున్న ప్రొద్దుటూరునుంచి ఆటోలో వస్తుంటే, ఇంజన్ చప్పుడు మీదుగా ఆయన ఛాతీలో సన్నని కూత వినిపించింది.

"దవాఖానకు పోదాం మాస్టర్."

"నీ మొకం! అది జేబుల రీడు సప్పుడురా" అన్నాడు. క్లారినెట్ మూతికి పెట్టి ఊదితే తప్ప కూయని ఆ రెల్లుబద్ద జేబులో కూస్తుందా? నేను నవ్వాను.

ఈలోగా డీజే బండ్లు వచ్చాయి. పద్దెనిమిది మందిమి ఐదుగురికి దిగాం. ఒకతను ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్‌గా పోయాడు, ట్రంపెట్ ఊదే అతను రోడ్డు మీదే చనిపోయాడు. అయినా వెళ్లినవాడి చోటును మాస్టర్ మూయనిచ్చేవాడు కాదు. "జరగకుండ్రి. ఆని జాగ ఆనికి ఉండనియ్యుండ్రి." అలా పళ్లూడిన నోరులా నడిచేవాళ్లం. ట్రంపెట్ జాగా నాకు ఎడమ పక్కనే.

ఒకరోజు అక్క నన్ను గడప దగ్గర ఆపింది. "తమ్మీ, నా మీద ఒట్టేసి చెప్పు. ఆయనకు దమ్ము సాలుతున్నదా?"

"నిన్న అప్పగింతలు ఊదిండు గదక్కా. నువ్వు గూడ ఆడనే ఉంటివి, వినలేదా?"

"విన్న. గందుకే జర పానం కుదుటపడ్డది" అంది. ఆమె విన్నది నా ఊపిరి. ఆ గడప మీద నిజం చెప్పి ఉంటే ఆ రోజే ఆయనను ఈడ్చుకుని దవాఖానకు తీసుకుపోయేది. నేను చెప్పలేదు. ఈ తప్పు నాది, దీన్ని ఎవరి మీదికీ నెట్టను.

"నాకు చావు పాట ఒద్దు, అప్పగింతల పాటనే ఊదుండ్రి" అని ఆయన చాలాసార్లు అన్నాడు. మిగిలిన నలుగురం ఎర్రకోట్లు వేసుకున్నాం. దింపుడు కళ్లం దగ్గర పాడెను నేల మీద దించారు. పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు అది. పిలుపు వినబడాలని అక్కడ బ్యాండు ఆపించడం ఆయన పెట్టిన పద్ధతే. అక్క వంగి మూడుసార్లు పిలిచింది. నేను ఆయన ఛాతీ వైపే చూస్తూ ఆ కూత కోసం చెవులు పెట్టాను. ఏమీ లేదు.

పాడె లేచింది. ఆడవాళ్లు అక్కడే ఆగిపోయారు, మేమూ వాళ్ల ముందే నిలబడ్డాం. పాడె మలుపు తిరిగేదాకా స్వరం నిలపాలి. పట్టుకున్నాను. మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే నా ఛాతీలో ఏదో సన్నగా కూసింది. కళ్లకు చీకట్లు కమ్మాయి. నాకు తెలియకుండానే నా ఎడమ మోచేయి లేచి పక్కకు పొడిచింది.

ట్రంపెట్ జాగాలో ఎవరూ లేరు. స్వరం పుటుక్కున తెగింది.

పాడె మోసేవాళ్లు కూడా ఒక్క అడుగు తడబడ్డారు. తల తిప్పితే అక్క నా ముఖం చూడడం లేదు. గాలిలో ఇంకా అలాగే ఉండిపోయిన నా మోచేతిని చూస్తోంది. ఎన్ని పెళ్లిళ్లలో చూసిందో ఆ పొడుపును, మాస్టర్ అలవాటనుకుని.

దగ్గరికి వచ్చి ఆ మోచేతిని పట్టుకుంది.

"ఎన్నేండ్ల సంది, తమ్మీ?"

చెప్పడానికి నాకు ఊపిరి అందలేదు.