మాల్దీవులకు దాచుకున్న సెలవు

గల్ఫ్‌లో ఉన్న మనిషి సెలవు ఆ మనిషిది కాదు, ఊరిది. ఒమాన్‌లోని సహం పట్టణంలో నర్సుగా చేరిన దగ్గర్నుంచీ సెలిన్ సెలవులన్నీ పాలకొల్లుకే పోయాయి. ఒకసారి మరిది పెళ్లి, ఒకసారి చర్చి ప్రతిష్ఠ, ఇంకోసారి ఎవరిదో ఆపరేషన్. భర్త ఫెలిక్స్‌తో కలిసి సరదాగా ఒక్క ఊరు చూసింది లేదు. అందుకే రెండువేల పదిహేనులో ఇద్దరూ గట్టిగా అనుకున్నారు, ఈసారి మాల్దీవులేనని. పగడపు దిబ్బల మీద నడిస్తే పాదాలు కోసుకుపోతాయని విని ఫెలిక్స్ రబ్బరు బూట్లు కొన్నాడు. ఆమె వాటిని వేసుకుని వంటింట్లో నడిచి మురిసిపోయింది.

ఊళ్లో తెలిస్తే ఈ సెలవూ దక్కదు. అమ్మ పోయాక తనను పెంచిన అక్క దీవెనమ్మకు కూడా ఫోన్‌లో అబద్ధమే చెప్పింది. "ఈ ఏడు లీవ్ ఇవ్వరంటక్కా, స్టాఫ్ లేరు."

"పోన్లేవే, ఒళ్లు జాగ్రత్త," అంది అక్క.

పెట్టె సర్దుతుండగా బావ ప్రసాద్ బాబు ఫోన్ చేశాడు. అక్కకు డెంగీ వచ్చి, ఆసుపత్రిలో నిన్న పోయిందట.

సెలిన్ సర్దుతున్న పెట్టె మూసేసింది. "ఇప్పుడే బయల్దేరతా బావా! నేనొచ్చేదాకా ఐసు పెట్టెలో ఉంచండి. గల్ఫ్ వాళ్ల కోసం అందరూ ఉంచుతారుగా!"

"ఉంచేవాళ్లమేనమ్మా. చెల్లికి లీవ్ లేదు, జబ్బని తెలిస్తే అక్కడ ఏడుస్తూ కూర్చుంటుంది, చెప్పొద్దని మాట తీసుకుంది మీ అక్క. ఎలాగూ రాలేవని పొద్దున్నే సమాధి చేసేశాం."

మళ్లీ అతనే అడిగాడు.

"అయినా, లీవ్ ఎప్పుడిచ్చారమ్మా?"