కంపెనీ చరిత్రలో మా అర పేజీ

టొరంటోలోని ఎటోబికోలో, ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఉన్న ఒక కొరియన్ పార్శిల్ కంపెనీ బ్రాంచిలో నేను ఆఫీసు పని చూసేదాన్ని. సియోల్‌లో తల్లులు కట్టి పంపే మిరప్పొడి, ఎండబెట్టిన సముద్రపు నాచు, మనవలకు గౌన్లు మా గోడౌనుకు వచ్చి, ఇక్కడి ఇళ్లకు చేరేవి. మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి ఏడాది దాటింది. మిల్టన్‌లో మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అందుకని ఆ బ్రాంచి ఉంటుందా, ఊడుతుందా అన్నది నాకు కాలక్షేపం కబురు కాదు.

మా మేనేజరు కొరియన్, వయసులో పెద్దాయన. కొరియా నుంచి వచ్చిన స్టాఫ్ ఆయన్ని హోదాతో పిలిచి, చివర 'నిమ్' తగిలించేవాళ్లు. అది మన 'గారు' లాంటిదని తెలిశాక నేను "మేనేజర్ గారూ" అనడం మొదలుపెట్టాను. ఆ మాట ఆయనకు భలే నచ్చింది. లంచ్ టైములో కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. రేవు నుంచి చేపల పెట్టెలు మోసే ఒక్క లారీతో మొదలైందట. తర్వాత ఇంటింటికీ పార్శిళ్లు. డబ్బు విలువ కుప్పకూలిన రోజుల్లో దివాళా తీస్తే ఓడల వ్యాపారులు కొన్నారు. వాళ్ల చేతుల్లోంచి ఒక పెట్టుబడి సంస్థ కొనుక్కుంది. చేతులు మారినప్పుడల్లా బోర్డు, యూనిఫాం, పొద్దున్నే పాడే కంపెనీ పాట అన్నీ మారేవి. ఆయనకు అన్ని పాటలూ వచ్చు. మొగుడు మారినప్పుడల్లా కొత్త పుస్తె కట్టించుకున్నట్టుంది అని మనసులో అనుకున్నాను గానీ, పైకి అనలేదు.

అప్పటికే రోజుకు వచ్చే సరుకు సగానికి పడిపోయింది. సరిగ్గా అప్పుడు కొత్త యజమానులు కంపెనీ చరిత్ర అచ్చు వేయిస్తున్నామని, అన్ని బ్రాంచిల వాళ్లూ ఫోటోలు, వివరాలు పంపాలని మెయిల్ పెట్టారు. కొరియాలో పెద్ద కంపెనీలకు తమ కథను దిండంత పుస్తకంగా వేయించుకోవడం అలవాటు. మేనేజర్ గారికి ప్రాణం లేచి వచ్చింది.

"పుస్తకంలోకి ఎక్కించిన బ్రాంచిని ఎవరైనా మూస్తారా? సిగ్గుగా ఉండదూ?" అన్నారు.

ఆ మాట నేనూ నమ్మాను. ఇంకేం నమ్మాలో తెలియని రోజులవి. పాత ఫోటోలు వెతికాం. మంచు తుపానులో స్లెడ్జి మీద పార్శిల్ లాక్కెళ్లిన డ్రైవర్ కథ రాశాం. గోడౌను ముందు అందరం వరసగా నిలబడి ఫోటో దిగాం. ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించి తగిలించడానికి మేనేజర్ గారు గోడ కూడా చూసి పెట్టుకున్నారు. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. ముందు నువ్వు కూడా నాలుగు చోట్ల అప్లై చేసి పెట్టుకో" అన్నాడు.

నాకు ఒళ్లు మండి ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

పుస్తకాల పెట్టెలు మా కంపెనీ సరుకుతోపాటే వస్తాయనుకున్నాం. వేరే కొరియర్ వాళ్ల వ్యాన్‌లో వచ్చాయి. మేనేజర్ గారు అదేమీ పట్టించుకోకుండా పెట్టె కోసి, మా పేజీ వెతికారు. అర పేజీ ఉంది. మా ఫోటో కూడా ఉంది. ఆయన నిలబడే పైకి చదువుతూ, నాకు ముక్కముక్కగా ఇంగ్లీషులో చెప్పారు. కొరియన్‌లో కూడా మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. అందుకని ఆయన వాక్యమంతా సంతోషంగానే చదివారు. 'టొరంటో శాఖ ఈ ప్రాంతపు కొరియన్ కుటుంబాలకు నమ్మకమైన సేవలు' అన్నదాకా వచ్చి ఆగిపోయారు.

"అందించింది అని ఉంది" అన్నారు.

"చరిత్ర కదండీ, అలాగే రాస్తారేమో" అన్నాను.

ఆయన మిగతా ఊళ్ల పేజీలు తిప్పారు. అన్నిటికీ 'అందిస్తోంది' అనే ఉంది. బయట బెల్టు మీద పార్శిళ్లు కదులుతున్నాయి, గోడౌను కుర్రాళ్లు స్కాన్ చేస్తున్నారు. మేం బతికుండగానే ఎవరో కూర్చుని మా తద్దినం రాసేశారు. దానికి కావలసిన ఫోటోలు మేమే ఏరి పంపాం. ఆయన పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రాత్రే కూర్చుని నాలుగు చోట్ల అప్లై చేశాను.

బ్రాంచి మూసేస్తున్నట్టు మెయిల్ ఆ తర్వాత వచ్చింది. మేనేజర్ గారికి సియోల్‌లో కూడా కుర్చీ లేదన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, మిగిలిన పుస్తకాలను పాత కస్టమర్లకు కానుకగా అందజేయమని ఇంకో మెయిల్. డ్రైవర్లను అప్పటికే పంపించేశారు. కాబట్టి నేనే నా కారులో వేసుకుని తిరిగాను. నేను అప్లై చేసిన చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడల్లా ఫోన్ చూసుకునేదాన్ని. అందులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

ఓక్‌విల్‌లో ఒక కొరియన్ పెద్దావిడ ఉంది. వాళ్లక్క పంపే పెట్టెలన్నీ మా దగ్గరికే వచ్చేవి. తలుపు తీసి, పుస్తకం చూసి, పిల్లలకు మల్లే సంబరపడింది. గుమ్మంలోనే కళ్లజోడు పెట్టుకుని మా పేజీ తీసింది. ఫోటోలో నన్ను గుర్తుపట్టి, వేలితో చూపించి, కింద రాసింది చదవడం మొదలుపెట్టింది. ఆపుదామనుకునేలోపే ఆవిడ వేలు వాక్యం చివరికి వెళ్లి ఆగింది. తలెత్తి, తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో అడిగింది.

"అయితే, ఇప్పుడు మీరు లేరా?"

"ఉన్నామండీ. ఈ శుక్రవారం దాకా" అన్నాను.