గన్ను మెడలో పసుపు దారం

ఇరవై రెండేళ్లు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని. హిమాయత్‌నగర్‌లో బడి. అక్కడ నాకు బాగా వంటబట్టిన విద్య అరవడం. మైకు అక్కర్లేకుండా మూడో అంతస్తులో నిలబడి, కింద గ్రౌండులో ఉన్న పిల్లాడి చేత చొక్కా గుండీ పెట్టించగలను. మా ఇంటాయన దీన్ని గొప్ప కళ అని ఒప్పుకుంటాడు గానీ, ఇంట్లో మాత్రం ప్రదర్శించవద్దని బతిమాలుకుంటాడు.

నాన్నకు మోకాళ్లు మొరాయించాక ఆయన వర్క్‌షాపు నా నెత్తిన పడింది. నాంపల్లి స్టేషను దగ్గరి గల్లీలో పొడుగాటి రేకుల షెడ్డు అది. బట్టల కొట్లకు ర్యాకులు, మందుల షాపులకు అద్దాల అల్మారాలు, చలికాలం వస్తోందంటే ఎగ్జిబిషన్ గ్రౌండులో స్టాళ్లు. సుల్తాన్ బజార్‌లో మీరెప్పుడైనా జాకెట్టు గుడ్డ కొనుంటే అది మా ర్యాకులోంచే దిగి ఉండొచ్చు. నేను బడి మానేసి వచ్చి నాన్న కుర్చీలో కూర్చునేసరికి అక్కడ ఆరుగురు పనివాళ్లున్నారు. వాళ్లలో పెద్దాయన మేస్త్రి. నాన్న దగ్గర ముప్పై ఏళ్లు వడ్రంగం చేసినవాడు, నాకన్నా పన్నెండేళ్లు పెద్ద.

మేస్త్రి మాట్లాడడు. పాతకాలం పనివాడు కదా, మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కోటీ తీసి కొడతాడు. అలాంటి నోటితో ఎవరైనా ఏం మాట్లాడతారు? మనమేం చెప్పినా "ఊఁ" అంటాడు, అంతే. నేను ఆ మొదటి వారంలోనే చూసి గుండెలు బాదుకున్నాను. దగ్గొస్తే మేకు గొంతులోకి పోతుందని కేకలేశాను. ఆయన మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి, "మీ నాయిన జమాన్ల సంది గిట్లనే మేడమ్" అన్నాడు. నేను మళ్లీ అరిచాను. ఆయన మళ్లీ "ఊఁ" అన్నాడు.

రెండేళ్ల కిందట బ్యాటరీతో నడిచే మేకుల గన్ను కొన్నాను. అంతకుముందు కంప్రెసర్‌తో నడిచేది ఒకటి ఉండేది. దాని గొట్టం షెడ్డంతా పాకి, రోజుకొకరిని పడదోసేది. ఈ కొత్తదానికి గొట్టం లేదు, రొద లేదు. అబిడ్స్‌లో కొన్న ఆ పెట్టెలో గన్నుతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. పదకొండు భాషలున్నాయి గానీ తెలుగు లేదు. నేను ఆ రాత్రే ఇంగ్లీషు పేజీలు మొదట్నుంచీ చివరిదాకా చదివేశాను. మర్నాడు మా బడి వాళ్లు మూల పడేసిన నల్లబోర్డు ఒకటి ఆటోలో వేసుకొచ్చి షెడ్డు గోడకు కొట్టించాను. ఇక చూసుకోండి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

ముందుగా గన్ను ముక్కు గురించి పాఠం చెప్పాను. గన్ను చివర ముక్కులాంటి ఇనప ముక్క ఉంటుంది. దాన్ని చెక్కకు ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. అలా పోయినప్పుడు మాత్రమే మీట నొక్కితే మేకు వస్తుంది. గాల్లో ఎంత నొక్కినా రాదు. "ఆ ముక్కే మీ ప్రాణం. దానికి తీగ చుట్టడం, రబ్బరు బ్యాండు వేయడం లాంటి తెలివితేటలు చూపించారో, నేను చంపేస్తాను" అన్నాను. పని తొందరగా అవుతుందని, ముక్కు లోపలే ఉండిపోయేలా కట్టేసేవాళ్లు ఉంటారట. తర్వాత ఒక పుచ్చకాయ తెప్పించి దాంట్లోకి మేకు కొట్టి చూపించాను. టప్‌మని ఒక్క చప్పుడు. రెండంగుళాల మేకు కాయలోకి పోయి కనపడకుండా పోయింది. ఆరుగురూ నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ మేకు వెతికి తీసి, కాయ కోసి అందరికీ పంచినవాడు మేస్త్రి.

చెక్కలో ముడి తగిలితే మేకు వంకర తిరిగి పక్కనుంచి బయటికొస్తుంది కాబట్టి పట్టుకున్న చెయ్యి జానెడు దూరంలో ఉండాలన్నాను. మేకు ఇరుక్కుంటే ముందు బ్యాటరీ ఊడదీసి ఆ తర్వాతే వేలు పెట్టాలన్నాను. పని లేనప్పుడు గన్ను ఒక చోట, బ్యాటరీ ఇంకో చోట ఉండాలన్నాను. కళ్లకు రక్షణగా అద్దాలు పెట్టుకోనివాడు ఆ పూట అందరికీ ఇరానీ చాయ్ తెచ్చిపెట్టాలి, తాను మాత్రం తాగకూడదు. ఈ శిక్ష బ్రహ్మాండంగా పనిచేసింది. ఆరు నెలలు తిరిగేసరికి చాయ్‌కి పంపడానికి నేరస్థుడు దొరక్క నేనే వెళ్లాల్సి వచ్చింది.

మేస్త్రి గన్నును మొదట ముట్టుకోలేదు. "నా సుత్తె నాకు సాలు" అన్నాడు. బతిమాలాను, కసిరాను, చివరికి ఆయన కుడి మోచెయ్యి నొప్పి సంగతి ఎత్తాను. ఒకసారి పట్టాక మరి వదల్లేదు. ర్యాకు అంచులకు సన్నటి పట్టీలు కొట్టే పని ఆయనదే. ఎడమ బొటనవేలితో పట్టీని అదిమిపట్టి, కుడిచేత్తో టప్ టప్ మంటూ జరుగుతూ పోతాడు. ఆ బొటనవేలికి కళ్లున్నాయని నాన్న అనేవాడు. వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా దానికి తెలుస్తుంది. మేకులు నోట్లో లేకపోయినా మాటలు మాత్రం పెరగలేదు.

పోయిన దసరాకు షెడ్డులో పూజ నేనే దగ్గరుండి చేయించాను. ప్రతి ఏడూ చేసేదే. పనిముట్లన్నీ కడిగి, తుడిచి, పీట మీద కొత్త గుడ్డ పరిచి వరసగా పెట్టాం. రంపాలు, ఉలులు, మేస్త్రి పాత సుత్తి, డ్రిల్లు, కట్టర్ మిషను, నడిమధ్యలో గన్ను. అన్నిటికీ గంధం, కుంకుమ, బంతిపూలు. గన్ను బ్యాటరీ ఊడదీసి ఉందని ఒకతను చెప్పాడు. "ప్రాణం లేనిదానికి పూజేమిటయ్యా, బ్యాటరీ పెట్టు" అన్నాను. నిలువుగా, ముక్కు కిందికి వచ్చేలా గోడకు ఆనించి నిలబెట్టాం. ఫోటోలో అదే బాగుంటుందని నా ఉద్దేశం. అన్ని పనిముట్లకూ పసుపు దారం కట్టాను. గన్ను ఒళ్లంతా నున్నగా ఉండి దారం జారిపోతోంది. కింద సన్నగా మెడలాంటి చోటు కనపడింది. అక్కడ తడి దారం ఏడు పేటలు గట్టిగా చుట్టి ముడేశాను. కొబ్బరికాయ కొట్టాం. మేస్త్రి జమ్మి ఆకులు తెచ్చి అందరి చేతుల్లో బంగారమని పెట్టాడు. నా మనసు ఎంతో నిండుగా ఉండింది.

మర్నాడు అబిడ్స్‌లో ఒక చీరల కొట్టుకు ర్యాకులు అందించాలి. పొద్దున్నే పని మొదలైంది. నేను బల్ల దగ్గర కూర్చుని కొలతలు చూసుకుంటున్నాను. టప్‌మని వినిపించింది, వెంటనే మేస్త్రి "అమ్మా" అన్నాడు. వెళ్లి చూస్తే ఎడమచేతి బొటనవేలి మొదట్లో మేకు దిగి ఉంది. నెత్తురు పెద్దగా లేదు. ఆయన ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

ఒకతను మేకు పీకబోయాడు. పీకొద్దని అరిచాను. ఆ పుస్తకం చదివిన పుణ్యం అది ఒక్కటే. చేతికి గుడ్డ చుట్టి, ఆటో ఎక్కించి దవాఖానకు బయల్దేరాం. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోయింది.  నాకు భయమేస్తే కోపం వస్తుంది. అందుకని దారి పొడవునా ఆయన్ని తిట్టాను. "చెయ్యి ఎక్కడుందో చూడకుండానే ఎందుకు నొక్కారు? ఎన్నిసార్లు చెప్పాను? జానెడు దూరం అంటే ఇదేనా? బోర్డు మీద రాసింది ఎవరికోసం?" అన్నాను. చేతిలో మేకు పెట్టుకుని ఆ మనిషి ప్రతిదానికీ "ఔ మేడమ్" అంటూ కూర్చున్నాడు. ఆటో అతను అద్దంలోంచి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

డాక్టరు కుర్రది. ఎలా జరిగిందని అడిగింది. "నాదే గల్తీ మేడమ్. ఏలు జారింది" అన్నాడు మేస్త్రి. ఆమె ఎక్స్‌రే తీయించి చూసి, ఎముకకు తగల్లేదు గానీ బొటనవేలిని కదిలించే నరం తెగిందా లేదా అన్నది మేకు తీశాకే తెలుస్తుందని చెప్పింది. తెగితే ఆపరేషను, ఆపైన కూడా వేలికి పాత పట్టు వస్తుందని చెప్పలేం. మేస్త్రి ఆ వేలు తన మాట వింటుందో లేదో చూద్దామన్నట్టు కొద్దిగా కదిలించబోయాడు, నొప్పికి ఆపేశాడు. ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. బయట బెంచీ మీద నేను లెక్కల టీచరునై ఉండీ గోడ మీద టైల్సు మూడుసార్లు లెక్కపెట్టి మూడు సంఖ్యలు తెచ్చాను.

నరం తెగలేదు. మేకు దాని పక్కనుంచే పోయిందట. మూడు వారాలు చెయ్యి కదపకూడదని చెప్పి, కట్టు కట్టి పంపారు. ఆయన్ని ఇంటి దగ్గర దింపి షెడ్డుకు వచ్చాను. మిగతావాళ్లు వెళ్లిపోయారు. గన్ను కింద పడేసిన చోటే ఉంది. బ్యాటరీ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాను, మేస్త్రిని రేపు మళ్లీ ఏమని తిట్టాలో అనుకుంటూ.

ముక్కు లోపలికి పోయి ఉంది. బయటికి రావడం లేదు. పసుపు దారం ఏడు పేటలూ ఎండి బిగుసుకుని దాన్ని అక్కడే పట్టేశాయి. నిన్న నిలువుగా పెట్టినప్పుడు గన్ను బరువుకు ముక్కు లోపలికి పోయింది, నేను దాని మీదే దారం చుట్టాను. అంటే రాత్రంతా, పొద్దుటంతా, మీట నొక్కితే చాలు పేలేలా ఉంది ఆ గన్ను. తీగ చుడితే చంపేస్తానన్నదాన్ని నేనే, చుట్టిందీ నేనే. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆటోలో నేనన్న మాటలన్నీ ఒక్కోటీ గుర్తొచ్చి, నా నోరు నేనే కొట్టుకున్నాను.

మర్నాడు పళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రి భార్య కుర్చీ వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను, తప్పు ఆయనది కాదు, దారం నేను కట్టాను, ముక్కు నా దారం వల్లే ఇరుక్కుంది అని. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఔ మేడమ్. నేను పొద్దుగాల్నే సూసిన" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "చూశారా? చూసి కూడా తియ్యలేదా?"

"పూజ దారం మేడమ్. మీరు మీ చేత్తోని కట్టిన్రు. నేనెట్ల తెంపుత? జర పైలంగ కొడదమనుకున్న. గంతే."

"పోనీ, నాకు చెప్పొచ్చు కదా?"

ఆయన కట్టు వంక చూసుకున్నాడు. నీళ్లు తెచ్చిన భార్య గ్లాసు నా చేతికిస్తూ అంది, "ఏం చెప్తడు మేడమ్? చెప్తె మీరు ఒర్లరా?"

ఒర్లడమంటే అరవడం, నా విద్యే. రెండేళ్లు బోర్డు మీద అన్నీ రాశాను. మేడమ్ తప్పు చేస్తే ఏం చేయాలో ఒక్కచోటా రాయలేదు. రాసినా చెప్పే ధైర్యం ఎవరికీ లేకుండా చేసింది నేనే.

ఆ తర్వాత షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను, ఎవరికి ఏది తేడాగా కనపడినా పని ఆపేయండి, నేనైనా సరే, దేవుడి దారమైనా సరే అని. అందరూ తలలూపారు. మూడు వారాలు గడిచినా ఎవరూ ఏదీ ఆపలేదు. నేను అరవడం తగ్గించుకున్నాను, నిజంగానే. కానీ నేను గొంతు సవరించుకున్నా వాళ్ల భుజాలు బిగుసుకోవడం కనపడుతూనే ఉంది.

మేస్త్రి మళ్లీ పనిలోకి వచ్చిన రోజు షెడ్డులో హడావుడి. స్టాళ్ల పని నెత్తి మీదుంది. ఒక పలక అంగుళం ఎక్కువుందని నాకు విసుగొచ్చింది. నేనే కోసేస్తానని కట్టర్ మిషను అందుకున్నాను. పలక మీద వంగి మీట నొక్కాను. మిషను తిరగలేదు. మళ్లీ నొక్కాను. తల తిప్పి చూస్తే గోడ దగ్గర మేస్త్రి నిలబడి ఉన్నాడు. ప్లగ్గు ఆయన చేతిలో ఉంది. ఎడమచేతిలో, బొటనవేలు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఐదుగురూ నావైపే చూస్తున్నారు. నోరు తెరవబోయాను.

"జర ఆగున్రి మేడమ్" అన్నాడాయన. ప్లగ్గు వదల్లేదు. "కొంగు బ్లేడు మీదికి పోతుంది. ముందుగాల దాన్ని నడుముకు చెక్కుకోన్రి."

చూసుకున్నాను. చీర కొంగు జారి, బ్లేడుకు బెత్తెడు దూరంలో వేలాడుతోంది. నేను మిషను కింద పెట్టి, అందరి ముందూ, కొంగు లాగి బొడ్లో దోపుకున్నాను. ఆయన ఒకసారి తేరిపార చూసి, చాలు అన్నట్టు తలాడించి ప్లగ్గు మళ్లీ పెట్టాడు.