టీచరమ్మ కోసం తెచ్చిన కట్టెలు

చింతపల్లి పై కొండల్లో దొరల కాలంనాటి సర్కారు బడి ఒకటుందని హాస్టల్లో నా రూమ్మేట్ చెప్పేది. కొత్త టీచరు వచ్చిన రోజు ఆమె వంటకని పిల్లలంతా అడవి నుంచి తలా ఒక కట్టె తెస్తారట. ఆ కట్టెలతో పొయ్యి వెలిగితే టీచరు ఏడాదంతా నిలుస్తుందని వాళ్ళ నమ్మకం. డిగ్రీ అయిపోయింది, నాకా ఇంట్లో కాలు నిలవదు. ఆ ఆచారం గురించి ఊరి పెద్దల్ని అడిగి తెలుసుకుందామని డిసెంబరులో బయల్దేరాను.

నర్సీపట్నంలో మొదటి బస్సెక్కితే ఎండ పొడ తగిలే వేళకి చింతపల్లి చేరతారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, శాలువా తప్పదు. అక్కణ్ణుంచి షేరు జీపు, మనిషికి పదిహేను రూపాయలు. నిండితే గానీ కదలదు కాబట్టి ఓ గంట పోయిందనుకోండి. కాఫీ తోటలు దాటాక ఆఖరి మలుపులో డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

“ఎదురుగా బండేమైనా వస్తోందా?” అన్నాను.

“ఈ రోడ్డుకి నా బండొక్కటే దిక్కండి,” అని నవ్వాడు. “బడికాడే కదేటి దిగుతారు?”

“అవును.”

“మరింకేటి!”

బడికి రాతి గోడలు గట్టిగానే ఉన్నాయి. పెంకులు సగం లేవు. తలుపుకు తాళం. అరుగు మీద రాగులు చెరుగుతున్న ముసలమ్మ, ఒకప్పుడు ఇక్కడ ఆయాగా చేసిన సోములమ్మ, నన్ను చూసి లేచి నిలబడింది. నేను నోరు తెరిచేలోపే పిల్లలు గుట్ట మీంచి పరుగున దిగారు, చంకలో కట్టెలతో. ఒకత్తి కట్టె దానికంటే పొడుగు, వెనక ఈడ్చుకొస్తోంది.

“ఒసే గుంటా, బేగి రా! టీచరమ్మొచ్చీసింది!” ముందున్న పిల్లాడు దాన్ని కేకేశాడు.

హారన్ ఎందుకో అప్పుడు తెలిసింది.

సోములమ్మ పొయ్యి రాళ్ళ మధ్య కట్టెలు పేర్చి అగ్గిపెట్టె తీసింది. చెయ్యి పట్టుకున్నాను. “నేను టీచర్ని కాదమ్మా. బడి చూడ్డానికొచ్చాను.”

“సూడ్డానికా? ఏటుందని సూత్తావు?”

టీచరు లేక రెండేళ్ళయిందట. వేసవిలోగా ఎవరూ రాకపోతే బడి ఎత్తేస్తారు, పిల్లలు కొండ దిగి దూరంగా హాస్టల్లో ఉండాలి. “ఇంత గుంటల్ని ఎవులంపుతారు? కాఫీ పళ్ళు కోసుకోడానికెల్లిపోతారు,” అంది. అంతలోనే, “నువ్వు సదూకున్నావు కదా, ఉండిపో. బియ్యం మావెడతాం.”

“ఉద్యోగం సర్కారివ్వాలమ్మా,” అన్నాను. నా మాట నాకే చప్పగా వినిపించింది.

ఆమె తాళం తీసి, “తడవకుండా లోపలెట్టండర్రా,” అంది పిల్లలతో. లోపల నల్లబల్ల కింద అప్పటికే రెండు కట్టెల మోపులున్నాయి.

“అవేంటి?” అన్నట్టు చూశాను.

“అది టీకాలమ్మొచ్చినప్పుడు. ఇది ఓట్లోల్లొచ్చినప్పుడు.”

పొడుగు కట్టె పిల్ల మాత్రం తన కట్టె ఇవ్వలేదు. నేను జీపెక్కేదాకా పట్టుకునే నిలబడింది.

చూడాలనుకున్నదంతా చూశాను, పొయ్యి వెలగడం తప్ప. తిరుగు జీపుకీ అదే డ్రైవరు. మలుపు దాటాక, “ముందే సెప్పొద్దేటండీ?” అన్నాడు. రాసుకుందామని తీసుకెళ్ళిన పుస్తకం సంచీలోంచి తియ్యనే లేదు. ఆ బడికి ఎవరైనా వస్తారని చెప్పే ధైర్యం ఇప్పటికీ నాకు లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తిరుగు జీపు మధ్యాహ్నం మూడింటికి, అదే ఆఖరిది. పొద్దున ఎక్కేటప్పుడే మీరు టీచరు కాదని డ్రైవరుకు చెప్పండి, ఆ మలుపు రాకముందే.