అన్న మోకాలు, ఎలుకల నడక

పొద్దున ఏడున్నరకు జనగామలో కిరాణా దుకాణం మా ఆవిడకు అప్పగించి రైలెక్కాను. మా అన్న పని మీద. భూపాలపల్లి బొగ్గు గనిలో చేసి రిటైరైన మనిషి. మోకాలు అరిగింది, ఆపరేషన్ తప్పదని డాక్టరంటే, ఏదో ఆకు నూనె రుద్దుకుంటూ దాటేస్తున్నాడు. ఆయన బిడ్డ లావణ్య మహబూబాబాద్‌లో ఫార్మసీ చదువుతూ, అదే నూనెను కాలేజీ ల్యాబులో ఎలుకల మీద పరీక్షించింది.

"మా లావణ్య నా మోకాలు ఎట్లనన్న కోయించాలనే చూస్తది. నువ్వు పోయి కండ్లార చూసి చెప్పు. దుకాణం మనిషివి, నిన్నెవరు మోసం జెయ్యరు," అన్నాడు అన్న.

రైల్లో సీటు కోసం ఒక అవ్వతో బేరం పెట్టాను. "అవ్వా, జర సంచి కింద పెట్టరాదు?"

"నువ్వు జర బొర్ర తగ్గించుకోరాదు?" అంది నా పొట్ట చూసి. వరంగల్ దాకా నిలబడే వచ్చాను.

మహబూబాబాద్‌ కాలేజీ ల్యాబులో గాజు పలక మీద ఎలుక నడుస్తుంటే కింది నుంచి కెమెరా తీస్తుంది. మొదట కొన్ని బొమ్మల్లో ముక్కు, పాదాలు, తోక మొదలు ఎక్కడున్నాయో లావణ్య తానే చుక్కలు పెట్టిందట. వాటిని చూసి నేర్చుకున్న కంప్యూటరు మిగతా వీడియోల్లో తనే చుక్కలు పెట్టి, ఏ కాలు నేల మీద ఎంతసేపు ఆనిందో లెక్కగడుతుంది. మందుతో మోకాలు వాచేలా చేసిన ఎలుకల్లో కొన్నింటికి ఆకు నూనె రాశారు, కొన్నింటికి ఉత్త నువ్వుల నూనె. దేనికేదో కంప్యూటరుకు తెలియదు.

"చుక్కలొద్దు బిడ్డా, ఉత్త వీడియో చూపియ్యి. మంచి సరుకు నాకు తెల్వదా?"

రెండు ఎలుకలను చూపించింది. ఒకటి హుషారుగా ఉంది. "గిదే ఆకు నూనెది!"

"అది నువ్వుల నూనెది చిన్నాయినా."

ఇంకో జత అడిగాను. అదీ తప్పే. మళ్లీ అడిగితే, "ఎన్నిసార్లడిగినా రేటు మారది," అని నవ్వింది. కంప్యూటరులో లెక్క తెరిచింది. రెండు గుంపుల కుంటూ ఒకటే. అప్పుడు లావణ్య నవ్వు ఆపి కళ్లు తుడుచుకుంది. "బాపుకు పనిజేస్తదనే మొదలువెట్టిన," అంది.

కాలేజీ ముందు హోటల్లో పప్పన్నం తిని, రైల్లో వరంగల్‌కు వచ్చి, హన్మకొండలో మూడు గంటలకు భూపాలపల్లి బస్సెక్కాను. ఆ వేళకు వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోకండి, ఎండ మొహానే కొడుతుంది. ఆశపడ్డవాడికి తను కోరిందే కనబడుతుందని దుకాణంలో పుట్టి పెరిగిన నాకు తెలుసు. దాని మీదే మా బతుకు. నా కళ్లూ అలాంటివేనని మాత్రం ఆ ఎలుకల దగ్గరే తెలిసింది.

అన్న వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే గేటు దాకా నడిచి చూపించాడు. "ఎట్లుంది? పోయిన నెల కన్న నయం లేదా?"

ప్రతిసారీ నయమే అనేవాణ్ణి. ఈసారి పాదాలే చూశాను. కుడికాలు నేలకు సరిగా ఆనకముందే ఎత్తేస్తున్నాడు.

"లేదన్నా. గట్లనే ఉంది. ఎలుకలకూ గంతే."

"నువ్వు గూడ బేరమాడలేకపోయినవా రా?"

"ఆడిన. తగ్గలే."

"బిడ్డ ఏమన్నది?"

"నీకు పనిజేస్తదనే మొదలువెట్టిందట. ఏడుపు ఆపుకున్నది."

అన్న మోకాలు నిమురుకుంటూ, "హన్మకొండకు పొద్దున బస్సెప్పుడు?" అన్నాడు.

మర్నాడు పొద్దున హన్మకొండ బస్సుకు ఇద్దరం బయల్దేరాం. ఆయన్ను దవాఖానలో చూపించాకే నేను జనగామ పోవాలి. బస్సు మెట్టు దగ్గర అన్న నా భుజం పట్టుకున్నాడు, మొదటిసారి. పరకాల దాటాక ఫోన్ తీసి తనే లావణ్యకు చేశాడు.

"దవాఖానకే పోతున్న తీయ్. నీ ఎలుకల మాటే విన్న," అన్నాడు. మళ్లీ తనే, "తిన్నవా బిడ్డా?" అన్నాడు.