తాండ్రలో పడ్డ నలభై నాలుగో పేజీ

పుస్తకాన్ని పురుగులు తినడం మీరు చూసే ఉంటారు. చీమలకు స్వయంగా వడ్డించిన మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆత్రేయపురంలో మా లైబ్రరీ పాత పుస్తకాలను స్కాన్ చేసి, అందరూ ఉచితంగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టే పనికి తగుదునమ్మా అని ముందుకొచ్చాను. మొదటి పుస్తకం రిటైరైన సుగుణమ్మ టీచర్‌గారి నాన్నగారు రాసినది. గోదావరి మధ్య లంక పొలాల సాగు గురించి. లోకంలో మిగిలింది ఆ ఒక్క కాపీయే. శుక్రవారం పొద్దున్నే టీచర్‌గారు వచ్చి దాన్ని బీరువాలోంచి తీయించి నా చేతిలో పెట్టారు.

"జాగ్రత్త బాబూ. కుట్లు మాత్రం విప్పకు."

"అయ్యో, ఆ మాత్రం తెలీదాండీ!"

"ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. నాన్నగారి పుస్తకం ఫోన్లో చూసుకోవాలి."

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే కుట్లు విప్పేశాను. చెమ్మకు ముడుచుకున్న పేజీలు స్కానర్ మీద పరుచుకోవడం లేదు మరి! ఎండకు సాపవుతాయని ఇంటికి తెచ్చి, డాబా మీద దుప్పటి పరిచి ఆరేశాను. పక్కనే మా ఇంటి ఓనరు చిట్టెమ్మగారు చాపల మీద మామిడి తాండ్ర పోస్తున్నారు.

"గాలొత్తే ఎగిరిపోతాయి బాబూ, రాళ్లెట్టు."

"రాళ్లు పెడితే నలుగుతాయండీ. అయినా గాలెక్కడుందండీ?"

గోదావరి గాలికి రోషం వచ్చినట్టుంది. పేజీలన్నీ కొంగల గుంపులా లేచాయి. ఇద్దరం పరుగెత్తి అన్నీ పట్టుకున్నాం, ఒక్కటి తప్ప. అది పోయి పచ్చి తాండ్ర మీద వాలింది. స్కానర్ మీద ఎంత బతిమాలినా పరుచుకోని పేజీ అక్కడ ఎంత చక్కగా పరుచుకుందంటారు! నలభై మూడో పేజీ పైకి, నలభై నాలుగు తాండ్రలోకి. లాగబోతే మూల చిరిగింది.

"లాగకయ్యా! ముందు ఎండనీ!" అని కేకేశారు చిట్టెమ్మగారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక తీపెక్కిందంటే ఇదే. రెండు రోజులు ఆ చాపకు కాపలా కాశాను. టీచర్‌గారి మొహం తలుచుకుంటే అన్నం సయించలేదు. తాండ్ర మాత్రం సయించింది.

ఆదివారం పొద్దున చిట్టెమ్మగారు ఆ పలచటి తాండ్రను పేజీతో సహా ఊడదీసి ఎండకెత్తి పట్టుకున్నారు. అడుగు నుంచి చూస్తే, బంగారు రంగులో నలభై నాలుగో పేజీ అక్షరం అక్షరం కనిపించింది! గబగబా ఫొటో తీసి, అప్పటికే స్కాన్ చేసిన మిగతా పేజీలతో కలిపి, సరిచూసుకోకుండానే ఎక్కించేశాను.

టీచర్‌గారు వచ్చారు. ఫోన్లో ఒక్కో పేజీ మురిసిపోతూ చూసి, నలభై నాలుగు దగ్గర ఆగారు.

"ఇదేంటి బాబూ, ఇంత పచ్చగా ఉంది?"

"పాత కాగితం కదండీ..."

"మరి ఈ చీమ?"

అధ్యాయం పేరు 'చీమల నివారణ'. సరిగ్గా దాని కింద, ఆరు కాళ్లూ చాపుకుని, ఒక గండుచీమ! ఇంక దాచేదేముంది? తాండ్ర ముక్క తెచ్చి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ చీమనే చూశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇక్కడ చీమ బొమ్మ వెయ్యమని నాన్నగారు ప్రెస్సు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో! వాళ్లు వెయ్యనే లేదు," అంటూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, పకపకా నవ్వేశారు. "దాన్ని తీసెయ్యకు బాబూ. కుట్లు మాత్రం నా ముందే కూర్చుని వెయ్యి."

వేశాను. అంత సంతోషంగా శిక్ష అనుభవించిన ముద్దాయి ఇంకొకడు ఉండడు.

కనుక లైబ్రరీలోని సకల గ్రంథాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో తాండ్ర పక్కన పుస్తకం ఆరబెట్టను. అప్పడాల పక్కన కూడా. పుస్తకం ఆన్‌లైన్‌లో ఇప్పటికీ ఉచితమే, చీమతో సహా.