గోల్‌కీపర్‌కు నేను తెప్పించిన జ్వరం

ఒక్క ఉత్తరం ముక్కతో ఫుట్‌బాల్ జట్టు మొత్తాన్ని ఇళ్లలో కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను. అదీ ప్రత్యర్థుల జట్టును కాదు, మా జట్టునే.

కరోనా ఆంక్షలు సడలీ సడలని రోజులు. అమీర్‌పేటలో నా జిరాక్స్ షాపు పైగదే మా క్లబ్ ఆఫీసు, కార్యదర్శిని నేనే. మా గోల్‌కీపర్ జుబేర్‌కు భారత జూనియర్ జట్టు శిబిరం నుంచి పిలుపొచ్చింది. పంపడానికి క్లబ్ తరఫున నా సంతకం కావాలి. నాకేమో ఆ నెలలోనే పంజాగుట్ట జట్టుతో ఫైనల్.

"జర సంతకం పెట్టన్న. దేశం పిలుస్తున్నది," అన్నాడు జుబేర్.

"దేశం మళ్ల పిలుస్తది. పంజాగుట్టోళ్లతోని ఫైనల్ మళ్ల వస్తదా?"

"నాకు గిసొంటి చాన్స్ మళ్ల రాదన్న."

"పోతే ఆడ క్వారంటైన్, వస్తే ఈడ క్వారంటైన్. గోల్ల ఎవరు నిలబడాలె, నేనా?"

"నువ్వు నిలబడితే సగం గోల్ మూసుకపోతది," అని నా పొట్ట వైపు ఒక చూపు విసిరి వెళ్లిపోయాడు. తర్వాత వారం రోజులు మా మెట్లెక్కలేదు.

నా పొట్టనే అంటాడా? ఉక్రోషం ఆగలేదు. "జుబేర్‌కు జ్వరం, దగ్గు. పంపలేము" అని రాసి, స్టాంపు గుద్ది శిబిరానికి మెయిల్ చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి, మిగతా జట్టంతటినీ పైగదికి పిలిచి చాయ్ ఇప్పించాను.

శిబిరంవాళ్లు బాధ్యత తెలిసినవాళ్లు. ఆ ఉత్తరాన్ని తిన్నగా మున్సిపాలిటీ ఆరోగ్య సిబ్బందికి పంపారు. మూడో రోజు తెల్లటి పీపీఈ సూటులో డాక్టరమ్మ దిగింది.

"జ్వరం ఎవరికండీ?"

"గిప్పుడు తగ్గింది మేడం," అని నసిగాను.

"తగ్గినా పరీక్ష తప్పదండీ. అతనికీ, మీకూ, మీ జట్టుకీ."

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. "జుబేర్‌కి ఏమీ లేదండీ. ఉన్నది మీకే. ఈ వారంలో మీతో కలిసి కూర్చున్నవాళ్లెవరు?"

చాయ్ తాగినవాళ్లందరి పేర్లూ చెప్పాల్సి వచ్చింది. అందరూ ఇళ్లలో బందీలయ్యారు. ఆడకుండానే కప్పు పంజాగుట్టకు పోయింది. నా మీద అలిగి దూరంగా ఉన్న పుణ్యానికి జుబేర్ ఒక్కడే బయట మిగిలాడు. సాయంత్రం మా కిటికీ కింద నిలబడి కేకేశాడు.

"ఇప్పుడన్న పెడతవా అన్న సంతకం?"

సిగ్గుతో తల దించుకుని సంతకం పెట్టి, కాగితం ఫొటో తీసి వాడి ఫోన్‌కు పంపాను.

"శుక్రియా అన్న. శిబిరమోళ్లు టెస్టు రిపోర్టు సుత అడిగిండ్రు. ఏడ తిరగాలెనో అని మస్తు ఫికర్ పడ్డ. నువ్వే డాక్టర్‌ను ఇంటికి పంపినవ్."

ఆ కిటికీ దగ్గరే, మాస్కు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై ప్రాణం పోయినా సరే, నా స్టాంపుతో ఎవరికీ జ్వరం తెప్పించను.